పీట మీద ఊరు కట్టించుకున్న మా మార్తక్క

నిన్న పొద్దున్న కాలువలో పడవ నడిపే ఆయన రేవులోంచే కేకేశాడు. "రూతమ్మగారండీ, మీ అక్కగారు పోయారండీ!"

నాకు అర్థం కాలేదు. ఏ అక్క అని అడిగాను కూడా.

నాకున్నది ఒక్కతే అక్క.

మన మిషన్ స్కూలు వాళ్ళందరికీ తెలియాలని రాస్తున్నాను. మార్తక్క ఇక లేదు. రెండు రోజుల జ్వరం, అంతే.

అందరూ మంచి మాటలే చెబుతారు. నేను మాత్రం ఉన్నమాట రాస్తాను. మా అక్కంటే నాకు కుళ్ళు. ఇప్పటికీ.

మూడేళ్ళ వయసులో మశూచి వచ్చి దాని రెండు కళ్ళూ పోయాయి. అప్పటి నుంచి అమ్మ చేతులు దానివే.

ఊళ్ళో పడవలు దాటడానికి కాలువ మీద లాకు కట్టిన కొత్తలో అమ్మ ఆ మట్టి తెచ్చి, పీట మీద ఊరంతా చేసింది. వేలితో గీసి నీళ్ళు పోస్తే కాలువ. చీపురు పుల్లలు వంతెన. చింతగింజ మందిరం. పెంకు ముక్క మా ఇల్లు.

అక్క వేళ్ళు పట్టుకుని అమ్మ ఆ ఊరంతా తిప్పేది. తర్వాత పీటను గిర్రున తిప్పేసి, "ఇప్పుడు మందిరం ఎటే?" అని అడిగేది.

మొదట్లో అక్క తికమకపడేది. ముందు కాలువ తడి వెతుక్కోవడం, అక్కడి నుంచి మిగతా ఊరు పట్టుకోవడం తనే నేర్చుకుంది. నెల తిరక్కుండా ఊళ్ళో ఒంటరిగా తిరిగింది.

నాకూ ఒక ఊరు చేసిపెట్టమన్నాను.

"నీకు కళ్ళున్నాయి కదే! బయటికెళ్ళి చూసుకో," అంది అమ్మ.

నేనూ కళ్ళు మూసుకుని ఆ పీట తడిమాను. పాస్టరు గారి ఇల్లు నుజ్జయింది. వీపు విమానం మోత మోగకపోయినా, తిట్లు మాత్రం బాగానే పడ్డాయి.

స్కూల్లో లేసు అల్లికలోనూ అదే గొడవ. దొరసాని గారిచ్చిన శాంపిల్‌ను అక్క ఒకసారి తడిమి, అచ్చం అలాగే అల్లేది. నాది చేపల వలలా వచ్చేది. ప్రైజు దానికి. రెండు కళ్ళున్నందుకు నన్ను మెచ్చుకున్నవాళ్ళు లేరు.

దాని దగ్గర ఏదీ దాచలేం. నా మొహం తడిమి నవ్వేది. "మళ్ళీ కుళ్ళుకుంటున్నావా? దవడ బిగిసిందే పిల్లా!"

నిన్న సాయంత్రం సమాధి చేసి అమ్మ ఇంటికి వచ్చాం. పక్కింటివాళ్ళు అన్నం తెచ్చారు. అమ్మ నా ముందు విస్తరి వేసి వడ్డించి, పక్కన కూర్చుని నా కుడి చెయ్యి పట్టుకుంది.

"అన్నం ఇక్కడమ్మా. పప్పు నీ వేపు. పులుసు ఆ పక్కన, కాలుద్ది జాగ్రత్త."

రోజూ అక్కకి అలాగే చెప్పేది. అలవాటులో నాకూ చెప్పేసింది. తను చూసుకోనే లేదు.

నేను కళ్ళు మూసుకుని, అమ్మ ఎటు తీసుకెళ్తే అటు చెయ్యి పోనిచ్చాను. నలభై దాటాక మొదటిసారి.

అక్కా, నీకు రోజూ దొరికిందే ఇది. ఎలా కుళ్ళుకోకుండా ఉండను?

వెళ్ళిరా అక్కా. ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.

అక్కడ నీకు చూపు వస్తుందన్నారు పాస్టరు గారు. వస్తే మాత్రం, ఇక అమ్మ చెయ్యి నాకు వదిలెయ్యి.