దుప్పి వెనకాల ఎవరు

నాకు నోటి దురుసు ఎక్కువ. బహ్రెయిన్‌లో ఇంటిపని చేసిన ఎనిమిదేళ్లలో అది నాకు ఎంత చేటు చేసిందో అంత మేలూ చేసింది. తొంభైల్లో ఒక శుక్రవారం పొద్దున, నేను పనిచేసే ఇంటి కొడుకు తుపాకి భుజానికి ఆనించుకుని గురి చూస్తుండగా, ఆ నోటితోనే "ఖలాస్" అని అరిచాను. ఖలాస్ అంటే ఇక చాలు, ఆపు అని. అక్కడ యజమానులు పనివాళ్లతో అనే మాట అది. పనిమనిషి యజమానితో అనగా నేను వినలేదు.

మేముండే ఇల్లు అరాద్‌లో, విమానాశ్రయానికి దగ్గర. ఇంట్లో ఇద్దరే మనుషులు. అరవయ్యేళ్ల తల్లి, బ్యాంకులో పనిచేసే ఇరవయ్యారేళ్ల కొడుకు. అక్కడి అలవాటు ప్రకారం ఆవిడను మామా, అంటే అమ్మా, అని పిలిచేదాన్ని. కొడుకును బాబా, అంటే నాన్నా, అనాలట. నాకంటే చిన్నవాడిని అలా పిలవడానికి నోరు రాక బాబూ అనేదాన్ని. అతను నన్ను దీదీ అనేవాడు. అతనిది సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ, నాది వచ్చీరాని హిందీ, మామాది అరబ్బీ. ముగ్గురం కలిసి వండుకున్న ఆ కలగూరగంప భాషను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. కరీంనగర్ నుంచి వచ్చిన డ్రైవరు భాయ్ ఒక్కడితోనే హాయిగా తెలుగు మాట్లాడేదాన్ని.

బాబుతో చదువుకున్న స్నేహితుడొకడు ఏదో చలిదేశంలో ఉండేవాడు. ఆ దేశం పేరు ఎన్నిసార్లు చెప్పినా నా నోరు తిరగలేదు. వచ్చే అక్టోబరులో తమ అడవిలో దుప్పుల వేట ఉందని, తప్పకుండా రమ్మని అతను ఉత్తరం రాశాడు. బాబు సంబరం అంతా ఇంతా కాదు. అక్కడ అసలు తుపాకి స్నేహితుడు ఇస్తాడట. ఇక్కడ గురి కుదుర్చుకోవడానికి ఒక గాలి తుపాకి సంపాదించి, శుక్రవారాలు బుదయ్య రోడ్డు పక్కనున్న వాళ్ల ఖర్జూరపు తోటలో సాధన మొదలుపెట్టాడు. ప్లైవుడ్ చెక్క మీద దుప్పి బొమ్మ వేసే పని డ్రైవరు భాయ్ నెత్తిన పడింది. అతను వేసినదానికి కొమ్ములైతే ఉన్నాయి గాని, మిగతాదంతా మేకే.

నిజం చెప్పాలంటే బాబు చాలా జాగ్రత్తపరుడు. తుపాకి మొన ఎప్పుడూ నేలవైపే ఉంచేవాడు. చేతిలోకి తీసుకోగానే విప్పి, లోపల గుండు లేదని మాకందరికీ చూపించేవాడు. గురి కుదిరేదాకా వేలు మీట మీద పెట్టేవాడు కాదు. ఇవన్నీ పుస్తకంలో చదివి నేర్చుకున్నాడట. మామా గర్వంగా చూసేది.

ఆ శుక్రవారం బొమ్మను మట్టల దడికి ఆనించి పెట్టారు. దడి అవతల పక్కవాళ్ల తోట. నేను తివాచీ దులుపుతూ చూస్తే, నాలుగు గుళ్లలో రెండు బొమ్మకు తగిలాయి, రెండు తగల్లేదు. తగలనివి ఏమయ్యాయని ఎవరూ అనుకోలేదు. అందరూ తగిలినవాటికి చప్పట్లు కొడుతున్నారు. అప్పుడే అరిచాను.

బాబు తుపాకి దించి, విప్పి, కింద పెట్టాడు. అంత కోపంలోనూ అది మరిచిపోలేదు. "ఏమైంది దీదీ?" అన్నాడు.

"ఆ మిగతా రెండు గుళ్లు ఎటెళ్లాయండి బాబూ?" అన్నాను.

బాబూ మామా నేనూ దడి చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాం. అక్కడ పక్కతోట తోటమాలి గొంతుకు కూర్చుని పశువుల మేత కోసుకుంటున్నాడు. బొమ్మ పెట్టిన చోటుకు సరిగ్గా ఎదురుగా, నాలుగు బారల దూరంలో. అతనికి ఏమీ తెలియదు. మమ్మల్ని చూసి సంతోషంగా లేచి సలాం చెప్పి, పక్కన పీకి పెట్టుకున్న ముల్లంగి కట్ట ఒకటి నా చేతిలో పెట్టాడు. బాబు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కనబడలేదు," అన్నాడు.

ఆ మాట నేను అంతకుముందు ఒకసారి విన్నాను. మాది తూర్పుగోదావరిలో ఏజెన్సీ అంచున ఉన్న ఊరు. ఎండాకాలం ఆడవాళ్లం అడవికి వెళ్లి అడ్డాకులు కోసి, మోపులు కట్టి తెచ్చి, విస్తళ్లు కుట్టి అమ్మేవాళ్లం. నాకు పన్నెండేళ్లప్పుడు మా మేనత్తతో కలిసి ఒక పొద వెనక కూర్చుని ఆకులు సర్దుతున్నాను. పొదకు అవతల దుప్పి నిలబడి ఉందని మాకు తెలియదు. దానికి అవతల పట్నం నుంచి జీపులో వచ్చిన పెద్దమనిషి తుపాకితో నిలబడి ఉన్నాడనీ తెలియదు. ఢామ్మని పేలింది. దుప్పి పారిపోయింది. మా అత్త పక్కన పెట్టుకున్న ఆకుల మోపు ఎగిరి అవతల పడింది. మా ఇద్దరికీ ఏమీ కాలేదు. మా అత్త లేచి కొంగు దోపుకుని, మోపులో ప్రతి ఆకుకూ చిల్లు పడిందని, చిల్లుల విస్తట్లో పప్పుచారు పోస్తే ఎవరి ఒళ్లోకి పోతుందని ఆ పెద్దమనిషిని దులిపేసింది. మా ప్రాణాల గురించి మాత్రం ఆవిడ ఒక్క ముక్క అనలేదు. ఆయన పాపం వణికిపోతూ "కనబడలేదమ్మా" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే కనబడలేదు. నన్ను ఇన్నేళ్లూ భయపెట్టింది ఆ నిజమే.

ఇదంతా ముల్లంగి కట్ట చేత్తో పట్టుకుని అక్కడే చెప్పేశాను. మామా నా చెయ్యి పట్టుకుంది. మరుసటి శుక్రవారానికి తోటలో ఒక లారీ ఇసుక దిగింది. బొమ్మకంటే ఎత్తుగా, దానికి రెండింతలు వెడల్పుగా బాబు దిబ్బ పోయించాడు. రాయికి తగిలిన గుండు వెనక్కి తిరిగి రావచ్చని, ముందువైపు ఇసుకంతా జల్లెడ పట్టించాడు. ఆ జల్లెడ నేనూ భాయ్ పట్టాం. "ఏంది అక్కా, నీ నోటి పుణ్యాన నా నడుములు పోయినయ్," అని భాయ్ రోజంతా సణిగాడు.

ఇప్పుడు ఏ గుండు పోయినా ఇసుకలోనే ఆగేది. బాబు మళ్లీ హుషారయ్యాడు. నాకే నిద్ర పట్టలేదు. అతను పుట్టి పెరిగింది బల్లపరుపు నేల మీద. చెట్టు వెనక చెట్టు, ఆకు వెనక ఆకు ఉండే చోటు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఆ అడవిలో అతని చేతుల మీదుగా ఎవరైనా పోతే? నా కళ్లముందే ఇంత మంచివాడు జీవితమంతా "కనబడలేదు, కనబడలేదు" అనుకుంటూ బతకాలా? ఆ ఆలోచనే నాకు భరించరానిది.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగేశాను. "అక్కడ అడవిలో మీకు ఇసుక దిబ్బ ఎవరు పోస్తారు బాబూ?"

నేను పళ్లెంలో మచ్‌బూస్ అనే మసాలా అన్నాన్ని ఒక పక్కకు కుప్ప పోసి కొండ చేశాను. కొండవాలులో ఒక ఖర్జూరం పెట్టి, అది దుప్పి అన్నాను. కింద ఒక లవంగం పెట్టి, అది మీరు అన్నాను. "ఇక్కడ దాని వెనక కొండ ఉంది. గుండు తప్పినా, దాని ఒంట్లోంచి దూసుకుపోయినా, మట్టిలోకే పోతుంది." తర్వాత ఖర్జూరాన్ని కొండ కొస మీద పెట్టాను. "ఇప్పుడు వెనక ఆకాశమే. ఆ గుండు ఎక్కడ దిగుతుందో ఎవరికీ తెలియదు." ఆపైన దాన్ని కొత్తిమీర ముందు పెట్టాను. "ఆకుల వెనక ఎవరున్నారో దేవుడికే ఎరుక. ఈ రెండు చోట్లా వెయ్యకూడదు."

మామా శ్రద్ధగా విని, దుప్పిని నోట్లో వేసుకుంది.

నేర్పడమంటూ మొదలుపెట్టాక నేను ఊరుకునే మనిషిని కాను. ఆ వేసవి నుంచి శుక్రవారాలు తుపాకి ఇంట్లో బీరువాలోనే ఉండేది. బాబు చేతికి ఖర్జూరపు మట్ట ఈనె ఒకటి ఇచ్చాం. భాయ్ దుప్పి బొమ్మను తోటలో ఎక్కడో ఒకచోట పెట్టేవాడు. మేము ఎక్కడో ఒకచోట దాక్కునేవాళ్లం. బాబు వచ్చి ఈనె ఎత్తి, చుట్టూ చూసి, "వేస్తాను" అనో "వెయ్యను" అనో చెప్పాలి. వేస్తానంటే, బొమ్మ వెనక ఉన్నవాళ్లు లేచి నిలబడాలి.

మొదటి రోజే నన్ను రెండుసార్లు, భాయ్‌ని మూడుసార్లు చంపాడు. భాయ్ చచ్చినప్పుడల్లా "నా పెండ్లానికి ఖబర్ జెప్పుండ్రి" అంటూ లేచేవాడు. రెండో శుక్రవారం బొమ్మ నిమ్మచెట్టు ముందు ఉంది. బాబు అటూ ఇటూ చూసి, భాయ్ నీళ్ల ట్యాంకు దగ్గర, నేను దడి దగ్గర ఉన్నామని కనిపెట్టి, ధైర్యంగా "వేస్తాను" అన్నాడు. నిమ్మచెట్టు వెనక నుంచి బురఖాలాంటి నల్లటి అబాయాలో మామా మెల్లగా పైకి లేచింది.

"తల్లిని చంపావు. ఇక రాత్రికి అన్నం ఎవరు పెడతారో చూసుకో," అంది.

అన్నం పెట్టేది నేనే అనుకోండి. అయినా పొట్ట పట్టుకుని నవ్వాం. మామా నిమ్మాకులు రాలిన తలతో చిన్నపిల్లలా గెంతింది. ఆ తర్వాత దాక్కోవడంలో ఆవిడను మించినవాళ్లు లేరు. మోకాళ్ల నొప్పులన్నీ శనివారానికి వాయిదా వేసుకునేది. పక్కతోట తోటమాలి కూడా దడి దాటి వచ్చి చావడం మొదలుపెట్టాడు. నా పరదేశపు బతుకులో అంత నవ్విన రోజులు ఇంకెక్కడా లేవు.

సెప్టెంబరు ఉక్కలోకి వచ్చేసరికి బాబు ఆరితేరాడు. అసలు ఎవరినీ చంపడం లేదు. పోను పోను "వెయ్యను" తప్ప వేరే మాటే లేదు. "గిట్లయితే ఆ జింకలు ముసలివై సస్తయ్ గని, ఈయన తుపాకి పేలది," అన్నాడు భాయ్.

ప్రయాణానికి ముందు శుక్రవారం బొమ్మ వెనక ఎవరం దాక్కోలేదు. ఊరికే అతన్ని పరీక్షిద్దామని నాకు పుట్టిన బుద్ధి అది. బొమ్మను పొదల గుబురు ముందు పెట్టి, మేమంతా దూరంగా ఉన్న వంటపాక వెనక కూర్చున్నాం. బాబు చెమటలు కక్కుతూ చాలాసేపు చూశాడు. "వెయ్యను" అన్నాడు. వెళ్లి వెతికాడు. గుబురు వెనక ఎవరూ లేరు. భాయ్ పకపకా నవ్వాడు.

బాబు ముఖం ఎర్రబడింది. "ఎవరూ లేరుగా దీదీ. అయితే వేసి ఉండాల్సింది. మంచి దుప్పి పోయింది."

ఎవరి దగ్గరా నోరు తగ్గని నేను ఆ రోజు గుడ్లప్పగించి నిలబడ్డాను. అతను ఈనె విరిచి పారేసి కారెక్కాడు. నా మీద కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. రెండు రోజుల తర్వాత పెట్టె పట్టుకుని వెళ్లేటప్పుడు కూడా ముభావంగానే ఉన్నాడు.

ఆ పన్నెండు రోజులూ నేను మనిషిని కాను. ఆ ఒక్క చిలిపి పనితో, నేర్పిందంతా నా చేతులతో నేనే చెరిపేశానా అని కుమిలిపోయాను. మామాకు రెండుసార్లు ఫోన్ వచ్చింది. చలిగా ఉందన్నాడు, అంతే. ఫోన్ మోగినప్పుడల్లా ఏ మాట వినాల్సి వస్తుందోనని నేను స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పేదాన్ని.

వచ్చిన రోజు సాయంత్రం ముందుగది నిండా చుట్టాలే. నేను కాఫీ కూజా, చిన్న గిన్నెలు పళ్లెంలో సర్దుకుని వెళ్లేసరికి, బాబు మేనమామ అతన్ని ఆటపట్టిస్తున్నాడు. కొమ్ములేవి, తోలేది, పెట్టెలో చాక్లెట్లు తప్ప ఏమీ లేవేమిటని. అందరూ నవ్వుతున్నారు.

"ఆఖరి రోజున ఒకటి కనబడింది," అన్నాడు బాబు. "చాలా పెద్దది. కొండ కొస మీద నిలబడింది. దాని వెనక ఏమీ లేదు, ఆకాశమే. నా స్నేహితుడు వెయ్యి, వెయ్యి అని గుసగుసలాడాడు. నేను తుపాకి దించి, విప్పి, గుండు బయటికి తీసేశాను."

"అవతల ఎవరైనా ఉన్నారా?" అన్నాడు మేనమామ.

"తెలియదు. వెళ్లి చూడలేదు."

మళ్లీ నవ్వులు. మేనమామ తొడ చరుచుకుని, "అంత చలిలో, ఆ అడవిలో ఎవరుంటారురా పిచ్చివాడా?" అన్నాడు.

బాబు తల తిప్పి, గుమ్మంలో పళ్లెం పట్టుకుని నిలబడ్డ నా వైపు చూశాడు. కోపం లేదు, సిగ్గూ లేదు.

"ఈమె ఉండొచ్చు అనుకున్నాను," అన్నాడు.

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. అంత సంతోషం ఒంట్లో పట్టడం లేదు. మామా లేచి వచ్చి నా చేతిలోని పళ్లెం తీసుకుని, నన్ను కూర్చోమని చెప్పి, మొదటి గిన్నె కాఫీ నాకు పోసింది.