తలంటు రోజు చుట్ట

మొన్న రాజమండ్రిలో మా చిన్నాన్నగారి మనవడి రిసెప్షన్‌కి వెళ్ళినప్పుడు, గోదావరి గట్టునున్న ఆ పెద్ద హోటల్ పచ్చిక మీద, అత్తర్లూ బిర్యానీ ఆవిర్లూ తడి పూలదండలూ అన్నీ కలగలిసిపోయిన గాలిలోంచి, ఎక్కణ్ణుంచో సన్నగా, కొంచెం తీపిగా, కొంచెం ఘాటుగా, ఎండిన గడ్డివాములో చెయ్యి పెట్టినప్పుడు వచ్చే వెచ్చదనం లాంటి వాసనొకటి ముక్కుకి తగిలింది. చేతిలో ఉన్న పునుగుల ప్లేటు పక్కనున్న ఎవరికో ఇచ్చేసి దాని వెంట నడిచాను.

పచ్చిక చివర ఒక బల్ల, దాని మీద అద్దాల పెట్టె, అందులో వరసగా పడుకోబెట్టిన సిగార్లు. బల్ల వెనక, హైదరాబాద్ నుంచి రప్పించారట, నెత్తిన గడ్డిటోపీ పెట్టుకున్న కుర్రాడు. బల్ల ముందు మా ఇంటి మగవాళ్ళందరూ, మేడమెట్లు ఎక్కితే ఆయాసపడే మావారితో సహా, గుడిలో తీర్థానికి నిలబడ్డంత భక్తిగా నిలబడ్డారు. "చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కాలి సార్, గలగలలాడకూడదు," అంటున్నాడు ఆ కుర్రాడు. వీళ్ళందరూ ఫోన్లు పెట్టుకున్నట్టు చెవులకి పెట్టుకుని, ఏదో వినిపించినట్టు తలలు ఊపుతున్నారు. నేను ఊరుకుంటానా? "నుసి తెల్లగా వస్తుందా, నల్లగా వస్తుందా బాబూ?" అని అడిగాను. "ఇంపోర్టెడ్ అండి," అన్నాడు. అడిగిందానికి జవాబు కాదది.

అప్పుడు చూశాను రత్నాన్ని. నా పెదనాన్న కూతురు, మండపేట రైస్‌మిల్లు వాళ్ళింటికి కోడలిగా వెళ్ళి ఇప్పుడు తనే అత్తగారైన మనిషి. ఆ మగవాళ్ళ మధ్య పట్టుచీర కుచ్చిళ్ళు ఓ చేత్తో ఎత్తిపట్టుకుని, వాళ్ళాయన కోసం కాబోలు, అద్దం మీద నుంచి వేలు మెల్లగా జరుపుకుంటూ వెళ్ళి ఒకచోట ఆపింది. నొక్కలేదు, చెవికి పెట్టలేదు, కనీసం వాసన చూడలేదు. "ఇదియ్యి బాబూ," అంది. ఆ కుర్రాడు టోపీ తీసినంత పని చేసి, "ఆంటీ, సూపర్ అండి! నేను నా కోసం దాచుకున్నది అదేనండి!" అన్నాడు. యాభై దాటిన దాన్ని, బి.పి. మాత్రలు వేసుకునేదాన్ని, డిగ్రీ చదివినదాన్ని, అక్కడికక్కడే నా కడుపు భగ్గుమంది. ఇదేం కొత్త మంట కాదు. నాకు ఎనిమిదో ఏట రాజుకున్నది.

మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, చుట్టలు తాగే మనిషి కాదు. ఈ మాటకి మా వాళ్ళు నవ్వుతారు గానీ నేను వాదించి నెగ్గగలను. చుట్టలు తాగేవాళ్ళంటే వీధరుగుల మీద కూర్చుని, ఒకటి ఆరకముందే ఇంకోటి ముట్టించి, పళ్ళు గారపట్టించుకుని, పలకరించిన ప్రతివాడి మొహానా పొగ ఊదేవాళ్ళు. మామ్మ ఆదివారం తలంటు పోసుకున్నాక, జుట్టు ఆరేవరకూ, ఒక్కటి కాల్చేది. జుట్టు ఆరిందా, చుట్ట ఆరింది. మళ్ళీ ఆదివారం దాకా ఆ ఊసే లేదు. పక్కింటివాళ్ళు పండక్కి పులిహోర చేసుకున్నట్టు ఆవిడ చుట్ట కాల్చేది.

రామచంద్రపురం దగ్గర కాలవ గట్టున ఉండేది మా ఇల్లు. ఆదివారం పొద్దున్నే పెరట్లో నూతి పక్క పొయ్యి మీద ఇత్తడి కాగులో నీళ్ళు మసులుతూ ఉంటే, పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి, వెచ్చచేసిన నువ్వులనూనె మాడున పెట్టి చెవుల్లోంచి కారేదాకా మర్దనా చేసి, సున్నిపిండితో ఒళ్ళు ఎర్రబడేలా నలిచి, కుంకుడుకాయ పులుసు కళ్ళల్లో పడి మేం పెట్టే కేకలకి కాలవ అవతల బట్టలుతికేవాళ్ళు కూడా నవ్వుకునేలా తోమి, ఒక్కొక్కళ్ళనీ అవతలికి తోలేసేది. అందరివీ అయ్యాక తను పోసుకునేది. అప్పటికి వంటింట్లోంచి పనసపొట్టు కూరో, మామిడికాయ పప్పో, ఆ కాలాన్ని బట్టి, పోపు వాసన పెరట్లోకి వస్తూ ఉండేది. మామ్మ జామచెట్టు కింద పీట మీద కూర్చుని, మోకాళ్ళ దాకా వచ్చే ఆ తెల్లజుట్టుని వెనక్కి వదిలేస్తే, కింద కుంపట్లో సాంబ్రాణి వేసి పైన వెదురుబుట్ట బోర్లించి, జుట్టు దాని మీద పరిచేవాళ్ళం. ఆ కుంపట్లోంచే పట్టకారుతో ఒక నిప్పుకణిక తీసి చుట్టకి అంటించుకునేది. వెనక సాంబ్రాణి పొగ, ముందు చుట్ట పొగ, మధ్యన మామ్మ. మా తాతయ్యకి పొగంటే గిట్టదు, దగ్గొచ్చేది. అందుకని నడవలోనే ఆగి, "ఏమే, నీ యజ్ఞం అయ్యిందా?" అని కేకేసేవారు. "ఇంకా పూర్ణాహుతి కాలేదండి," అనేది మామ్మ పెరట్లోంచి.

ఆ బుట్ట మీద జుట్టు పరిచి, వేళ్ళతో చిక్కు తీస్తూ మామ్మ వీపుకి ఆనుకుని కూర్చునే పని ఉంది చూశారూ, అది రత్నానిది. ఎందుకంటే ఆ వారం చుట్టకి ఆకు ఏరిందెవరో వాళ్ళే ఆ పని చెయ్యాలని ఇంట్లో ఓ పద్ధతి పడిపోయింది, ఆకు ఏరేది ఎప్పుడూ రత్నమే. నాకంటే ఆర్నెల్లు పెద్దది. అక్కా అని పిలవమనేవారు, నేను పిలవలేదు. మా పెద్దమ్మ దానికి నాలుగేళ్ళప్పుడే పోయింది. నేను ఏ తగువులోనైనా నెగ్గబోతున్నానని తెలియగానే ఇంట్లో ఎవరో ఒకరు నెమ్మదిగా, "తల్లి లేని పిల్లే," అనేవారు. అంతే, నా వాదన అక్కడితో సరి. అష్టాచెమ్మాలో అది దొంగాట ఆడినా తల్లి లేని పిల్లే. జీడిపాకం ఉండ పెద్దది దానికి పోయినా తల్లి లేని పిల్లే. నాకు తల్లి ఉండటం నేను చేసిన నేరమా అని నేను ఎవరినడగాలి?

ఒకరోజు మా అమ్మ తిరగలి ముందు కూర్చుని మినుములు విసురుతుంటే వెళ్ళి, "నువ్వు కొన్నాళ్ళు తాతగారింటికి వెళ్ళి ఉండకూడదా?" అని అడిగాను. "ఎందుకే?" అంది. "ఊరికే, ఓ ఆర్నెల్లు," అన్నాను. అమ్మ తిరగలి ఆపి నన్ను ఎగాదిగా చూసి, "వెళ్తే నీ జడలు ఎవరేస్తారు?" అంది. మామ్మ వేస్తుంది, అందుకే వెళ్ళమంటున్నానని చెబితే బాగుండదని ఆ వయసులోనే నాకు తెలుసు.

వేసవి ముదిరి, ఊరంతా ఆవకాయ ముక్కల వాసనేసే రోజుల్లో లంకల్లోంచి పొగాకు వచ్చేది. వరదొచ్చినప్పుడు గోదావరి తెచ్చి పోసిన ఒండ్రులో పెరిగిన ఆకు అది. లంకాకు అనేవారు, దానికి సాటి లేదనేవారు. సూరమ్మ అనే ఆవిడ రేవు దాటి, తడిగుడ్డ కప్పిన గంప నెత్తిన పెట్టుకుని, "అమ్మగారూ, లంకాకండీ!" అంటూ తిన్నగా మా పెరట్లోకే వచ్చి దించేది. గుడ్డ తీయగానే వచ్చే వాసన ఇప్పటికీ చెప్పలేను. బెల్లం, గోమూత్రం, ఎండిన అరటిదొప్ప, కొత్తగా కోసిన గడ్డి, వీటిలో ప్రతిదీ కొంచెం. ఆకులు ముదురు గోధుమరంగులో, ఈనెలు చేతివేలంత లావుగా, జిగురుగా, వేళ్ళకి అంటుకుంటూ ఉండేవి. ఆకు ఎలా ఏరాలో నేను మామ్మ చేతులు చూసి నేర్చుకున్నాను, ఏ బడిలోనూ అంత శ్రద్ధగా నేర్చుకోలేదు. మడిస్తే విరగకూడదు, అలాగని తడిసిన గుడ్డలా వేలాడకూడదు. వెలుతురుకి ఎత్తి పడితే రంగు మచ్చల్లేకుండా ఒకేలా ఉండాలి. కొస చిన్నది తుంపి అరచేతిలో నలిపి వాసన చూస్తే ముక్కు జిలజిలలాడాలి, తుమ్ము రాకూడదు. ఇంకో తునక నిప్పు మీద పెడితే మంట లేకుండా పాకుతూ కాలాలి, నుసి తెల్లగా రావాలి. నల్లగా వస్తే ఉప్పునేల ఆకు. ఇవన్నీ నాకు వచ్చు. రత్నానికి ఇందులో ఒక్కటీ రాదు.

ఆ మాటే నేను ఓ వేసవిలో గంప ముందు నిలబడి గట్టిగా అనేశాను. సూరమ్మ నోరంతా తెరిచి నవ్వింది. "ఏంటమ్మగారూ, పిల్లలకి అప్పుడే నేర్పేత్తన్నారా?"

"దీనికి ముక్కు కంటే నోరు పెద్దది," అంది మామ్మ. "సరే, ఇద్దరూ చెరో కట్టా ఏరండి. ఓ వారం దీనిది, ఓ వారం దానిది. చూద్దాం."

ఎండ నడినెత్తికొచ్చేదాకా ఏరాను. మడిచాను, ఎత్తి చూశాను, నలిపాను, కాల్చాను. వేళ్ళు నల్లబడ్డాయి, కళ్ళు మండాయి. రత్నం గొంతుకూర్చుని, ఆకుల మీద చెయ్యి ఆన్చకుండా ఇటు నుంచి అటు తిప్పి, మధ్య మధ్య తలెత్తి, మళ్ళీ తిప్పి, ఇది, ఇది, ఇది అని లాగేసింది. నేను తలెత్తలేదు. పరీక్షలో పక్కవాళ్ళ పేపరు చూసే రకం కాదు నేను.

మొదటి ఆదివారం నా ఆకు. మామ్మ ఈనె తీసి, నీళ్ళు చిలకరించి, పొడి ఆకులు లోపల పెట్టి, నేను ఏరిన నున్నటి ఆకు పైన చుట్టి, దారం కట్టి ముట్టించింది. నేను వెనక కూర్చున్నాను, బతుకులో మొదటిసారి, ఆ వెచ్చటి తడిజుట్టు రెండు చేతులనిండా పట్టుకుని. మామ్మ భుజం మీద నుంచి చూస్తే, చుట్ట చివర నుసి వెన్నెల రంగులో పెరుగుతోంది. గోరంత, వేలి కణుపంత, ఇంకా పెద్దగా. రాలలేదు. పిల్లలందరూ ఆట మానేసి వచ్చి ఊపిరి బిగబట్టి చూశారు. సగం కాలాక మామ్మ దాన్ని పీటకోడుకి నొక్కి ఆర్పేసింది. "బాగుందే," అని లేచిపోయింది. జుట్టింకా తడిగానే ఉంది.

రెండో ఆదివారం రత్నం ఆకు. ముట్టించీ ముట్టించగానే నుసి చీర మీద రాలింది, అదీ నలుపూ తెలుపూ కలిసిన మచ్చల నుసి. నా ప్రాణం లేచొచ్చింది. కానీ మామ్మ ఆ చుట్టని దారం దాకా కాల్చింది. జుట్టు ఆరిపోయి బుట్ట మీద దూదిలా లేస్తున్నా కూడా లేవలేదు. తాతయ్య రెండుసార్లు దగ్గి వెళ్ళిపోయారు. ఆఖరికి, "చుట్టంటే ఇదీ," అంది.

"నుసి రాలిందిగా!" అన్నాను.

"రాలితే దులుపుకుంటాను. నీకెందుకే నుసి గొడవ?"

"తెల్లగా రావాలని నువ్వే అన్నావు!"

"అన్నాను," అంది మామ్మ. ఎవరో వెనకనుంచి, తల్లి లేని పిల్లే, అన్నారు. జాలిపడి నెగ్గించిందని, నియమాలన్నీ నాకు చెప్పి బహుమతి దానికిచ్చిందని, అప్పట్నుంచీ ఇప్పటిదాకా నా వాదన. మామ్మ పోయేదాకా వెనక కూర్చున్నది రత్నమే. పెళ్ళై మండపేట వెళ్ళాక కూడా, ఆకు వచ్చే రోజులకి దానికి కబురు వెళ్ళేది.

అందుకని మొన్న ఆ హోటల్లో ఊరుకోలేక, ఐస్‌క్రీం కప్పులు పట్టుకుని గోదావరి వైపు మెట్ల మీద ఇద్దరం కూర్చున్నప్పుడు అడిగేశాను. "కనీసం వాసనైనా చూడకుండా ఎలా తీశావే?"

"సిగారా? వాటి సంగతి నాకేం తెలుసే బుజ్జీ," అంది రత్నం, చెంచా నాకుతూ. "వేలు జరుపుతూ ఆ కుర్రాడి మొహం చూశాను. ఒకదాని దగ్గర వాడికి ఊపిరాగింది. అది తీశాను."

"మరి అప్పుడు? మామ్మ ఆకు?"

"అప్పుడూ అంతేగా. నువ్వు ఆకుల్లో మొహం దూర్చేసేదానివి. నేను మామ్మని చూసేదాన్ని." అది నా వంక ఆశ్చర్యంగా చూసింది. "నీకు తెలీదా? అమ్మ పోయాక అందరి మొహాలూ చూడ్డమేగా నా పని."

ఇక్కడిదాకా రాసింది మళ్ళీ చదువుకుంటే తెలుస్తోంది. ఈనెల లావు రాశాను, గంపలో వాసన రాశాను, జుట్టు రాశాను, చేతులు రాశాను. మామ్మ మొహం ఒక్కచోటా లేదు. నేను వెనకన్నా కూర్చున్నాను, తల వంచుకునైనా ఉన్నాను.

"ఎలా పెట్టేదే మొహం? చూపించు," అన్నాను. రత్నం కప్పు పక్కన పెట్టి, ఒక కన్ను కొంచెం మూసి, ముక్కుపుటాలు కొంచెం విప్పి, పెదవి ఓ మూలకి లాగింది. ఎంత తేరిపారచూసినా నాకు రత్నం మొహమే కనిపించింది. అది మాత్రం అలాగే ఉండిపోయి, తనలో తనే నవ్వుకుంది. దానికి లోపల మామ్మ కనిపిస్తూనే ఉంది. అప్పుడు జుట్టు దానిదయితే అయిందనుకున్నాను, ఇప్పుడు ఇదీ దానిదే.

ఇంటికొస్తూ మావారి జేబులోని సిగార్ లాక్కుని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను. "డాక్టరు వద్దన్నాడుగా!" అన్నాను. కాలవ గట్టు మీది ఆ ఇంటి పెరట్లో నుయ్యి పూడ్చి కారు షెడ్డు వేశారు. కుంపటి పాతసామాన్లవాడికి పోయింది. సూరమ్మ వచ్చే రేవులో పడవ లేదు, వంతెన ఉంది. తలంట్లు షాంపూ పొట్లాల్లోకి వెళ్ళిపోయాయి. మర్నాడు పొద్దున్న, వంటింట్లో, సిగార్ పై ఆకు కొస చిన్నది తుంపి, నలిపి వాసన చూసి, ఇంకో తునక గ్యాస్ పొయ్యి మీద అంటించి సాసర్లో పెట్టాను. మంట లేకుండా, పాకుతూ, తెల్లగా కాలింది. చెక్కుచెదరని నుసి. ఆకు గురించి నేను చెప్పింది ఏనాడూ తప్పు కాలేదు.

తలెత్తి చూశాను. ఎదురుగా ఎవరూ లేరు. వీడియో కాల్ చేద్దామని ఫోన్ తీసి రత్నం నంబరు దాకా వెళ్ళాను గానీ, చెయ్యలేదు. అడిగితే మళ్ళీ ఆ మొహం పెట్టి చూపిస్తుంది, నాకు మళ్ళీ రత్నమే కనిపిస్తుంది.