పచ్చజెండాతో పట్టిన సీటు

నేను చేసే గార్డు ఉద్యోగానికి ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో తిరుపతి స్టేషనులో నిలబడితే, అక్కడ మేనేజరు చేయగలిగింది పెద్దగా ఏమీ లేదని తెలుస్తుంది. కొండ దిగిన తమిళ భక్తులంతా మధ్యాహ్నం కాట్పాడి ప్యాసింజరు మీదే పడతారు. ఉన్నవి ఎనిమిది పెట్టెలు. బండి ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు లోపలికి పడతాయి. ఎవరి తువ్వాలు పడితే సీటు వాళ్లది. ఈ చట్టం రైల్వే పుస్తకంలో లేదు గానీ, అందులో ఉన్నవాటికంటే బాగా అమలవుతుంది.

ఒక శనివారం ఒక పెద్దాయన నెలలు నిండిన కూతురిని నా దగ్గరికి తీసుకొచ్చాడు. పురిటికి పాకాల పోతున్నారు.

“అప్పా, నా బిడ్డను యాడన్నా కూసోబెట్టు. నిలబడి రాలేదు. ఏసేదానికి నాకాడ తువ్వాలు గూడా లేదు.”

నా దగ్గరా లేదు. చేతిలో ఉన్న జెండాను నా గార్డు పెట్టెను ఆనుకున్న పెట్టె కిటికీలోంచి సీటు మీదికి విసిరాను. తువ్వాళ్ల కోసం కొట్లాడుకునేవాళ్లు జెండాను ముట్టుకోలేదు. ఆ అమ్మాయి నెమ్మదిగా వెళ్లి దానిమీదే కూర్చుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సిగ్నల్ పడింది. చూసుకుంటే చేతిలో మిగిలింది ఎర్రజెండా.

పెద్దాయన కిటికీలోంచి పచ్చజెండా అందుకుని పరుగున తెచ్చిచ్చాడు. ఈలోగా తలుపులన్నీ మనుషులతో నిండిపోయాయి. రూలును పక్కనపెట్టి ఆయన్ను నా పెట్టెలోనే ఎక్కించుకున్నాను. దారి పొడవునా ఆయనది ఒకటే ప్రశ్న.

“పాకాల్లో దిగనిస్తారా అబ్బా?”

దిగనిస్తారని చెప్పాను. లోపల నాకూ భయంగానే ఉంది.

పాకాలలో ఎక్కేవాళ్లు ఎగబడ్డారు. ఆమె తలుపు దాకా వచ్చి ఇరుక్కుపోయింది. ఆగాల్సిన రెండు నిమిషాలూ అయిపోయాయి. వాకీటాకీలో డ్రైవరు అడిగాడు.

“సిగ్నలుండాది కదప్పా. పచ్చజెండా యాడ?”

“ఈడే ఉండాది. ఇప్పుడు ఊపేది లేదు.”

దాన్ని చంకలో పెట్టుకుని దిగి, ఎర్రజెండా చాపి ఆ తలుపు ముందు నిలబడ్డాను. రైలును ఆపే గుడ్డకు మనుషులూ ఆగారు. ఆమె ఒక్కో మెట్టూ దిగింది. నాతోపాటే దిగిన తండ్రి ఆమె చెయ్యి పట్టుకున్నాక గానీ నేను పచ్చజెండా ఊపలేదు.

ఆలస్యానికి కారణం రాయమన్నారు. ‘ప్రయాణికురాలు దిగినందున’ అని రాశాను. మర్నాడు పై అధికారి పిలిచాడు.

“ఒక మనిషి దిగడానికి నాలుగు నిమిషాలా?”

“ఇద్దరు సార్. ఒకరింకా పుట్టలేదు.”