రెండు మైకుల సౌండ్ కార్డు

ఆ ఆదివారం పెనుకొండలోని నా అద్దె గదిలో ఉన్నవి: లినక్స్ ఎక్కించిన ల్యాప్‌టాప్, గిటారు, కొత్త సౌండ్ కార్డు, రెండు మైకులు, రెండు కుర్చీలు, ఇద్దరికి సరిపడా చిత్రాన్నం. ఉన్నవాళ్లు: నేను.

రావలసినవాడు ధర్మవరంలో ఉన్నాడు. ఇంజనీరింగ్ హాస్టల్లో నా రూమ్మేటు. అప్పట్లో వాడు పాడేవాడు, నేను వాయించేవాణ్ణి, ఫోన్లో రికార్డు చేసుకునేవాళ్లం. చదువయ్యాక వాడు ఇంట్లో మగ్గం మీద కూర్చున్నాడు. నేను హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే పనిలో చేరాను. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని గది పెనుకొండలో తీసుకున్నాను. వాడికి మాత్రం అద్దె తక్కువని చెప్పాను.

సౌండ్ కార్డులు చేసే కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌ను లినక్స్‌కు ఇవ్వడం అరుదు. కాబట్టి కార్డు యూఎస్‌బీకి తగిలించగానే పనిచేయాలి. శబ్దం పెంచడం, తగ్గించడం కార్డు మీద తిప్పే నాబులతోనే జరగాలి. హిందూపురంలో అంగడి ఆయనకు ఇదంతా చెప్పి, డ్రైవరు అనే సాఫ్ట్‌వేర్ విడిగా ఎక్కించక్కర్లేని కార్డు కావాలన్నాను.

"డ్రైవరు లేకుంటే బండి ఎట్ల పోతాదబ్బా?" అని తన మాటకు తనే నవ్వి, రెండు డబ్బాలు ముందు పెట్టాడు. ఒకటి ఒక మైకుది, ఇంకొకటి రెండు మైకులది. రెండింటినీ నా ల్యాప్‌టాప్ వెంటనే గుర్తుపట్టింది. వింటే ఒక మైకుదే శుభ్రంగా ఉంది. రెండోదానిలో సన్నని బుస.

"ఎంతమంది కూచుంటారప్పా?"

"ఇద్దరం."

"మరి ఒగనివే వచ్చినావే?"

"వాడు పనిలో ఉండాడు."

రెండు మైకులదే తీసుకున్నాను.

వాడు ఫోన్ పక్కన పెట్టుకుని నేస్తూనే మాట్లాడతాడు. కష్టమైన మాట చెప్పాల్సి వస్తే మాత్రం మగ్గం ఆపుతాడు. ఆ ఆదివారం పొద్దున ఫోన్ చేస్తే మగ్గం నడుస్తూ ఉంది.

"యాడుండావురా? రైలెక్కినావా?"

"యాడ ఎక్కేది మామా! ఈ పొద్దు చీర కోసి ఇయ్యాల. షావుకారు మనిషిని పంపిచ్చినాడు, గుమ్మంలోనే కూచోనుండాడు."

"మధ్యాన్నం బండికి రా అయితే."

"నువ్వే ఈడికి రారాదా? నీ కార్డు సంచిలో పట్టేదే గదా."

"మీ వీధంతా మగ్గాలే గదరా. ఆ చప్పుడంతా రికార్డింగులో పడతాది. ఈడ గది నిశ్శబ్దంగా ఉండాది."

మగ్గం ఆగింది.

"మగ్గం లేకుంటే నాకు పాట రావడంల్యారా" అన్నాడు. "మొన్న పెండ్లిలో పాడమన్రి. రెండు లైన్లకే తాళం తప్పె. నా పెండ్లామే పక్కకు తిరిగి నవ్వె. మగ్గం నెత్తిన పెట్టుకోని నీ గదికి రాలేను గదబ్బా."

నేనూ నవ్వాను. సరేలే అన్నాను. మగ్గం మళ్లీ మొదలైంది. ఆ చప్పుడులోనే "వస్తాలే ఎప్పుడన్నా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక రెండు మైకులూ తగిలించాను. ఒకటి గిటారు ముందు, రెండోది ఖాళీ కుర్చీ ముందు. వాయించే ముందు గదిని కొలవాలి. ఎవరూ మాట్లాడని గదిలో కూడా కొంత శబ్దం ఉంటుంది. ల్యాప్‌టాప్ తెర మీది మీటరు ఎంత కిందికి దిగితే రికార్డింగుకు అంత మంచిది; మైనస్ అరవై దాటి దిగితే ఇక వంక పెట్టక్కర్లేదు. ఫ్యాను ఆపాను. కిటికీ మూశాను. చిత్రాన్నం మీద మూత సరిగా పెట్టాను. రెండో మైకు మీటరు చూశాను.

మైనస్ అరవై రెండు డెసిబెల్స్.