పసుపు వేలిముద్రల పేపరు

తమిళనాడులో పాపిరెడ్డిపట్టి దగ్గరి పల్లెలో పాపక్కకు ఒక దొంగ అలవాటుండేది. రోజూ పొద్దున్నే మునియక్క టీకొట్టులో పాలు పోసి, ఎల్లప్పన్ పేపరును ఎల్లప్పన్ కంటే ముందు చదివేసేది.

ధర్మపురి నుంచి వచ్చే మొదటి బస్సు దాన్ని కొట్టు ముందు విసిరేసి పోయేది. ఎర్రజెండా వాళ్ళ తమిళ పేపరు. తాపీపని చేసే ఎల్లప్పన్ కూలీల సంఘంలో చేరినప్పటి నుంచి దాన్ని తెప్పించుకుంటున్నాడు. ఏడింటికి వచ్చి, చంకలో పెట్టుకుని పనికి పోయేవాడు. ఆ లోపల పాపక్క కొట్టు వెనక కట్టెల మోపు మీద కూర్చుని ఒక్కో మాటా కూడబలుక్కునేది. నలభై ఏళ్ళ వయసులో పెద్దలకు చదువు నేర్పే అరివొళి తరగతుల్లో నేర్చిన తమిళ అక్షరాలవి. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు రాత ఆమెకు రాదు. స్నానం చేసి నేరుగా వచ్చేదేమో, చేతి పసుపు కాగితానికి అంటుకునేది.

ఆడకూలికీ మగకూలికీ ఒకే కూలి ఇవ్వాలనీ, టీకొట్లో అందరికీ ఒకే రకం గ్లాసు పెట్టాలనీ అందులో రాసేవాళ్ళు. ఎన్నాళ్ళుగానో ఆమె కడుపులో ఉన్న మాటలే అవి. ఒకసారి కలుపు తీసే ఆడవాళ్ళ కూలి గురించి ఇంట్లో నోరు విప్పింది. మొగుడు నారాయణసామి తిట్టలేదు, కసరలేదు. పులుసులో ఉప్పు తక్కువైందని గిన్నె పక్కకు జరిపాడు, అంతే. ఆయన వీధికి పెద్దమనిషి, ఆయన మాటే కట్టుబాటు. ఆ తర్వాత ఆమె ఆ ఊసు ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఊళ్ళో తనలాగా అనుకునేవాడు ఎల్లప్పన్ ఒకడున్నాడు, అది చాలనుకునేది పిచ్చిది. అతనితో ఒక్క మాటైనా మాట్లాడి ఎరగదు.

2006 ఆడిమాసంలో, అంటే ఆషాఢంలో, ఒక పొద్దున, రేపటి నుంచి పేపరు రాదని మునియక్క చెప్పింది. ఎల్లప్పనే వద్దన్నాడట. పాపక్క ఆ పూట కట్టెల మోపు వైపు పోలేదు. పేపరు పట్టుకుని కొట్టు ముందే నిలబడింది. బల్ల మీద టీ తాగుతున్న మరిది వింతగా చూశాడు.

ఏడింటికి ఎల్లప్పన్ వచ్చాడు. మేకుకు విడిగా తగిలించిన తన గ్లాసు తీసుకుని, ఎప్పటిలా దూరంగా నిలబడ్డాడు. పాపక్క ఎదురుపోయి అడిగేసింది.

"పేపరు ఎందుకు నిలిపేస్తా ఉండావు?"

అతను బిత్తరపోయాడు. తనకు చదువు రాదనీ, కూతురు నందిత చదివి వినిపించేదనీ, ఆ పిల్ల నర్సు చదువుకు సేలం పోయిందనీ నసిగాడు. పాపక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండేళ్ళుగా తనతోపాటు చదువుతున్నాడనుకున్న మనిషికి చదువే రాదా?

"ఇంకొకటమ్మా," అన్నాడు ఎల్లప్పన్, గొంతు తగ్గించి. "ఎవరో నాకంటే ముందు చదువుతా ఉండారు. పేపరుపైన పసుపు అంటి ఉంటుంది. పసుపు ఉండే చోటే ముందు చదవమని మా పాపకు చెప్తా ఉంటిని. మన మాదిరి ఇంకొకరు ఉండారు కదా అని ఒక ధైర్యం."

పాపక్క అరచేతులు చాపింది. అతను ఆ పసుపు చూశాడు, ఆమె మొహం చూశాడు. తలగుడ్డ తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె పోయి బల్ల చివర కూర్చుని పేపరు విప్పింది. పెద్దమనిషి ఇంటి ఆడది ఆ బల్ల మీద కూర్చోవడం అదే మొదటిసారి. వీధిలో చిన్నపిల్లలు కూడా ఎల్లప్పన్‌ను 'ఒరేయ్' అనే పిలుస్తారు.

"కూర్చో ఎల్లప్పన్నా," అంది. "నేను చదువుతాను. తప్పు పోతే నవ్వొద్దు."

అతను బల్ల అంచున కూర్చున్నాడు. మరిది టీ సగంలో వదిలేసి ఇంటి దారి పట్టాడు. ఎందుకు పోతున్నాడో పాపక్కకు తెలుసు. చదవడం మొదలుపెట్టింది, రెండో వరుసలోనే మాట తడబడింది.

"నిదానంగా చదువు చెల్లీ," అన్నాడు ఎల్లప్పన్. "నాకు పనికి ఇంకా టైముంది."