నేను ఆపిన సర్వరు, మామయ్య పడ్డ మాట

మామయ్య పోయారన్న కబురు మంగళవారం పొద్దున వచ్చింది. మలేసియాలో, పోర్ట్ క్లాంగ్ రేవు దగ్గర మా ఆఫీసులో అప్పుడే వచ్చి కూర్చున్నాను. ఆయన కూతురు ఫోన్ చేసి, తెల్లవారుజామున నిద్రలోనే పోయారని, సాయంత్రం నాలుగింటికి తీసుకెళ్తారని చెప్పింది. పెట్టేసే ముందు, ఇక్కడ అందరి మాటల్లో దొర్లే 'లా' కలిపి ఒక మాట అంది. "నువ్వు రా లా అక్కా. నాన్న నీ గురించి శానా మంచిగా సెప్పేవోరు."

ఫోను పెట్టేసి సెలవు చీటీ రాశాను.

ఆయన నాకు వరసకు ఏమీ కారు. ఓడల సరుకు దాచే మా గోదాముల కంపెనీలో కంప్యూటర్లన్నీ చూసుకునే పెద్దాయన. నేను చేరిన కొత్తలో మా ఇద్దరినీ అందరూ తమిళులనే అనుకునేవారు. మేమూ తమిళంలోనే మాట్లాడుకునేవాళ్ళం. ఒకరోజు నేను అమ్మతో ఫోన్‌లో "తిన్నావేటి?" అంటుంటే పక్క బల్ల దగ్గర టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. "మనోళ్ళేనా?" అని అడిగారు. ఆయన పుట్టి పెరిగింది బాగన్ దాతుక్ వైపు, తెలుగు కూలీలుండే ఒక కొబ్బరి తోటలో. మా తాతలదీ ఆ చుట్టుపక్కలే. ఆ రోజు నుంచి ఆయన మామయ్య, నేను పాప.

పని నేర్పింది ఆయనే. మా కంపెనీకి ఒకే పెద్ద సర్వరు ఉండేది. గేటు దగ్గర లారీలకు పాసులిచ్చే ప్రోగ్రాము, గోదాము సరుకు లెక్క చూసేది, కస్టమ్స్ కాగితాలు తయారు చేసేది, కొత్తవి పరీక్షించుకునేది, అన్నీ దాంట్లోనే. కానీ ఒకదాని జోలికి ఒకటి వెళ్ళదు. ఆయన ఆ యంత్రాన్ని జోన్లుగా విడదీసి పెట్టారు. ఒక్కో జోనుకు దాని మనుషులు, దాని పాస్‌వర్డులు, దాని ఫైళ్ళు. లోపలికి వెళ్ళినవాళ్ళకు యంత్రం మొత్తం తమదే అనిపిస్తుంది. పక్క జోను ఒకటుందని కూడా తెలియదు. ఒక జోనును ఆపి మళ్ళీ లేపినా మిగతావి తమ పని తాము చేసుకుంటూనే ఉంటాయి.

నాకు మొదట్లో అర్థం కాలేదు. వేరువేరు యంత్రాలు కొంటే పోదా అని అడిగాను. ఆయన తోటలో కూలీలకు ఒకే వరసగా కట్టిన లయం ఇళ్ళ గురించి చెప్పారు. "ఒకటే కప్పు పాపా, కింద పది ఇళ్ళు. ఎవళి తలుపు ఆళ్ళది, ఎవళి పొయ్యి ఆళ్ళది. ఒకళింట్లో పొయ్యి ఆర్పితే పక్కింటోళ్ళ కూడు ఆగదు. కానీ కప్పు తీసేస్తే అందరూ తడుస్తారు." ఆ కప్పు పేరు గ్లోబల్ జోను. అక్కడ నిలబడితే అన్ని జోన్లూ కనబడతాయి, అక్కడ చేసిన తప్పు అన్నిటికీ తగులుతుంది.

జోన్లకు ఆయన మలయ్ భాషలోని చేపల పేర్లు పెట్టారు. గేటుది తెంగిరి. పరీక్షలకు వాడే చిన్నది బిలిస్. బిలిస్‌ను రోజుకు నాలుగుసార్లు చంపినా ఎవరికీ నష్టం లేదనేవారు.

ఏ జోనులో ఉన్నా తెర ఒకేలా, నల్లగా కనబడుతుంది. అందుకే ఏ ఆజ్ఞ ఇచ్చే ముందైనా ఒక చిన్న మాట టైపు చేసి, మనమున్న జోను పేరేమిటో యంత్రాన్నే అడగమనేవారు. తన తెర అంచున ఒక కాగితం అంటించుకున్నారు. తెలుగులో, వంకర అక్షరాలతో, "ఎక్కడున్నావు?" అని. మలయ్ సహోద్యోగులు అదేదో మంత్రమనుకునేవారు. ఆయన సరిదిద్దేవారు కాదు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉండి కూడా ప్రతిసారీ అడిగేవారు. నేను నవ్వితే, "యంత్రానికి సిగ్గు లేదు పాపా. అడిగితే ఉన్నది సెప్తాది" అనేవారు.

ఆరేళ్ళ కిందట ఒక శుక్రవారం మధ్యాహ్నం సగం ఆఫీసు నమాజుకు వెళ్ళింది. మామయ్య ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండు చేపల పులుసు వేడి చేసుకోవడానికి పాంట్రీకి బయల్దేరారు. నాకు బిలిస్‌ను ఒకసారి ఆపి లేపాలి. నా కంప్యూటరు మొరాయించింది. నా సీటులో కూర్చో, నేను తినొస్తానని ఆయనే అన్నారు. తెర మీద రెండు నల్ల కిటికీలు తెరిచి ఉన్నాయి. ఎదురుగా ఆ కాగితం ఉంది. చూశాను కూడా. అడగలేదు. రీబూట్ కొట్టాను.

అది గ్లోబల్ జోను.

సర్వరు మొత్తం పడిపోయింది. అది లేచేసరికి చాలాసేపు పట్టింది. లేచాక కూడా తెంగిరి మొండికేసింది. గేటు బయట లారీలు పెద్ద రోడ్డు దాకా నిలబడ్డాయి. మామయ్య సగం తిన్న అన్నం వదిలి వచ్చారు. నన్నేమీ అడగలేదు. నేను కూర్చున్న కుర్చీ వెనకే నిలబడి, ఒక్కొక్క జోనూ ఎలా లేపాలో చెబుతూ నా చేతే లేపించారు.

సోమవారం మేనేజరు పిలిచారు. ఆజ్ఞ మామయ్య టెర్మినల్ నుంచి, ఆయన పాస్‌వర్డుతో వెళ్ళినట్టు రికార్డులో ఉంది. ఎవరు చేశారని అడిగారు. మామయ్య నా వైపు ఒక్కసారి చూశారు. తొందరపెట్టే చూపు కాదది, నాకు చోటిచ్చే చూపు. నేను బల్ల వైపు చూశాను. చివరికి ఆయనే, తన సీటు నుంచి జరిగింది కాబట్టి బాధ్యత తనదేనన్నారు. అది అబద్ధం కాదు. నిజం మాత్రం నా నోట్లో ఉండిపోయింది.

అప్పటికే ఆయన రిటైరయ్యి, ఏడాదికోసారి పొడిగింపు మీద ఉన్నారు. ఆ ఏడు పొడిగించలేదు. ఆయన సీటు నాకిచ్చారు. వెళ్ళే ముందు వారం రోజులు కూర్చుని అన్నీ అప్పగించారు. ఆ వారంలో రోజూ చెప్పాలనుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను. ఆ మేనేజరూ తర్వాత వేరే చోటికి వెళ్ళిపోయారు.

ఆరేళ్ళు. బాగన్ దాతుక్ కారులో రెండున్నర గంటల దూరం. నేను వెళ్ళలేదు. అప్పుడప్పుడు ఆయనే ఫోన్ చేసేవారు. తెంగిరి ఎలాగుందని అడిగేవారు, సొంత మనిషి ఆరోగ్యం అడిగినట్టు. పని ఉందని నేను త్వరగా పెట్టేసేదాన్ని.

మంగళవారం వెళ్ళాను. మగవాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళాక ఇల్లు కడిగారు. అత్త, అంటే మామయ్య భార్య, వంటగది గుమ్మంలో కూర్చుంది. పక్కన కూర్చున్నాను. ఆమె తనలో తను అనుకుంటున్నట్టు మాట్లాడింది. అంత జాగ్రత్త గల మనిషి ఆ ఒక్కరోజు ఎలా పొరబడ్డాడో తనకిప్పటికీ అర్థం కాలేదంది. ఉన్న కాస్త గౌరవం పోగొట్టుకుని వచ్చావని పోట్లాట వచ్చినప్పుడల్లా అనేదాన్నంది.

అప్పుడు చెప్పాను. జోన్ల సంగతులేవీ చెప్పలేదు. "అత్తా, అది సేసింది మావయ్య కాదు. నాను. ఆయనకి తెలుసు."

ఆమె నా వైపు తిరిగింది. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"ఆరేళ్ళు దెప్పినానమ్మా," అంది. "ఒక్కసారైనా నోరు విప్పినాడు కాదు."

ఏడుపు లేదు ఆ గొంతులో. నా గుండె తేలికవుతుందని చెప్పాను కాబోలు. బరువు దిగలేదు, ఆమె ఒళ్ళో కూడా కొంత పెట్టాను. ఆయన బతికుండగా చెబితే, ఆమెకు ఒక సాయంత్రమైనా దొరికేది, ఆయనతో మంచిగా ఒక మాట అనడానికి. ఆ సాయంత్రం నా వల్ల పోయింది. ఇది చదువుతున్న మీతో నేను చెప్పగలిగింది అంతే.

ఇంతలో వాన మొదలైంది, గాలితో. అత్త లేచి వాకిట్లోకి వెళ్ళింది. చూరు కింద ఆయన మోటారుసైకిలు ఉంది, జల్లు సీటు మీద పడుతోంది. ఆమె చీర కొంగుతో సీటు తుడిచింది. మళ్ళీ తడిసింది. మళ్ళీ తుడిచింది.