అసలు కంప్యూటర్‌కు దిష్టి తగిలిన కథ

ఆ రోజుల్లో మా బాన్సువాడలో సాఫ్ట్‌వేర్ అంటే కరివేపాకుతో సమానం. ఎవరి దొడ్లో ఉన్నా అడిగి నాలుగు రెబ్బలు తెంపుకుపోవచ్చు, దానికి డబ్బులివ్వడమేంటి అనుకునేవాళ్ళు. అలాంటి ఊళ్ళో దాన్ని కొట్టుకెళ్ళి కొని, రసీదు అడిగి మరీ తీసుకుని, డబ్బాతో సహా ఇంటికి మోసుకొచ్చిన అమాయకురాలు నాకు తెలిసినంతవరకు ఒక్కతే. అది నేనే. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద జాలేస్తుంది గానీ, అప్పుడు మాత్రం నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు. కంప్యూటర్స్‌తో డిగ్రీ కొత్తగా పాసయ్యాను మరి. వీధిలో ఎవరి ఫోను ఆగిపోయినా నన్నే పిలిచేవాళ్ళు. నేను దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేసి ఇచ్చేదాన్ని. నా చదువంతా అంతవరకే పనికొచ్చిందని ఎవరికీ తెలియనివ్వలేదు.

మాది విత్తనాలు, ఎరువుల దుకాణం. ముందు గదిలో దుకాణం, వెనక ఇల్లు. మధ్య గదిలో నా కంప్యూటర్. నెట్ వైరు అంతకంటే లోపలికి రాలేదు కాబట్టి దాని తెర దుకాణం వైపే తిరిగి ఉండేది, బల్ల మీద కూర్చున్న రైతులకు టీవీ మాదిరిగా కనిపించేది. కాలువ నీళ్ళను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. నాయనమ్మ కొత్త పెళ్ళికూతురిగా వచ్చి ముసలిదైపోయినా ఆవిడ మాట మాత్రం కృష్ణ దాటి రాలేదు. నాన్న ఇక్కడే పుట్టి పెరిగారు. కౌంటర్లో కూర్చుంటే "ఏందే, ఏం గావాలె" అనేవారు, గడప దాటి లోపలికి రాగానే "ఏంటమ్మా, వంటయిందా" అనేవారు. (గడప మీద నిలబడి మాట్లాడాల్సి వస్తే పాపం కాసేపు తడబడేవారు.)

నాన్నకు ప్రపంచంలో పడని మాట ఒకటే, నకిలీ. నకిలీ విత్తనం అమ్మినవాడికి అన్నం పుట్టకూడదని రోజూ ఎవరో ఒకరితో అనేవారు. సాఫ్ట్‌వేర్ కూడా అసలుదే కొందామని నేను అన్నప్పుడు ఆయన కళ్ళు మెరిశాయి. ఆ డబ్బాను విత్తనాల సంచిని చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూశారు. "లాట్ నంబరుంది, హోలోగ్రామ్ ఉంది, సీలు కూడా సరిగ్గానే ఉంది. మంచి సరుకే" అని తేల్చారు. ఎదురు దుకాణమాయన మాత్రం మా ఇద్దరినీ చూసి పడీ పడీ నవ్వాడు. "గంత పైసలు పెట్టి కొన్నరా అన్నా? నన్నడిగితే ఉత్తగ ఎక్కించి ఇద్దును గదా!" ఆయన కంప్యూటర్లో ఉన్నది ఒక్కటీ కొన్నది కాదు. మీట నొక్కితే దొంగది, తెర వెలిగితే దొంగది. అయినా ఒక్కనాడు కూడా ఆయన్ను ఎవరూ "ఇది ఎక్కడిది నాయనా" అని అడిగిన పాపాన పోలేదు. అడిగింది మమ్మల్ని.

ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చిన ఒకరోజు కంప్యూటర్ పెట్టగానే తెర మొత్తం నల్లబడిపోయింది. మధ్యలో తెల్లటి అక్షరాలు. నాన్న చదువుకోవడానికి వీలుగా ఉంటుందని నేనే దాన్ని తెలుగులోకి మార్చి పెట్టాను కదా, అది శుభ్రంగా తెలుగులోనే తిట్టింది. "ఈ ప్రతి అసలైనది కాదు. మీరు నకిలీ సాఫ్ట్‌వేర్ బాధితులై ఉండవచ్చు." నేను ఠారెత్తిపోయాను. గంట పోయాక ఆన్ చేసి చూస్తే అంతా మామూలే, ఏమీ ఎరగనట్టు పచ్చటి కొండల బొమ్మ. మళ్ళీ కొన్నాళ్ళకు ఇంకోసారి. వచ్చేది, పోయేది. వచ్చిందని నిరూపించబోతే పోయేది, పోయిందని సంబరపడితే వచ్చేది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, డబ్బా మీద ఉన్న బారెడు నంబరును నాచేత చదివించుకుని, "మీ సరుకు అసలైనదే మేడమ్, ఏ సమస్యా లేదు" అన్నారు. మరి ఇదేమిటంటే, "ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి" అన్నారు. నా విద్య నాకే అప్పజెప్పేసరికి ఫోన్ పెట్టేశాను.

నేను పాతదంతా చెరిపి, కొత్తగా ఎక్కించి, వైరస్‌లను పట్టేదాన్ని ఒకదాన్ని పెట్టి, అది చాలదన్నట్టు దాన్ని పట్టేదాన్ని ఇంకొకదాన్ని పెట్టాను. అవి రెండూ ఒకదాన్నొకటి వైరస్ అనుకుని కొట్టుకున్నాయి. ఇదంతా చూస్తున్న నాయనమ్మ ఇక ఉండబట్టలేక రంగంలోకి దిగింది. "దిష్టే అది. ఎదురుగా అంతమంది కూర్చుని గుడ్లప్పగించి చూస్తుంటే తగలదూ? నేను శుక్రవారాలు పడతాను, నువ్వు నోర్మూసుకుని చూడు" అంది. అప్పటినుంచి శుక్రవారం పొద్దున్నే తలంటు పోసుకుని, కంప్యూటర్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ తిప్పి వీధిలో పారేసి వచ్చేది. తెర మధ్యలో బొట్టు పెడితే నాకు పనికి అడ్డమని కాస్త ఇంగితం చూపించి, కుడిచేతి కింద మూలలో రూపాయి బిళ్ళంత పెట్టేది. నేను లేచేసరికి ఈ తతంగమంతా అయిపోయేది. (చదువుకున్న పిల్ల కదా, పొద్దెక్కాక గానీ లేవదు.) ఆ బొట్టును తుడిచే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. దానంతటదే ఎండి రాలిపోవాలి.

పూజ మొదలుపెట్టాక దిష్టి తగ్గలేదు సరికదా, నిక్కచ్చిగా ప్రతి శుక్రవారం రావడం మొదలుపెట్టింది. అప్పుడప్పుడు వచ్చే చుట్టం ఇంట్లోనే మకాం పెట్టినట్టయింది. "చూశావా, ఎంత బలమైన దిష్టో! నిమ్మకాయ చాలట్లేదు" అని నాయనమ్మ గుమ్మడికాయకు ఎక్కింది. నేను నవ్వాను. నవ్వి, మళ్ళీ అంతా చెరిపి ఎక్కించాను. ఇద్దరిలో ఎవరి మూఢనమ్మకం పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఇంతవరకూ ఇంటి గొడవే. వానాకాలం నాట్ల ముందు ఒక శుక్రవారం, పిట్లం నుంచి మా పాత రైతు వచ్చాడు. మేమంతా పిట్లం మామ అనేవాళ్ళం. ఆయన ఏ విత్తనం పట్టుకెళితే ఊరు ఊరంతా ట్రాక్టరేసుకుని వచ్చి అదే పట్టుకెళ్ళేది. బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ, నల్లబడిన తెర వైపు చూసి, కూడబలుక్కుని పైకి చదివాడు. "ఏంది సేటు, నకిలీ అని సాఫ్ సాఫ్ రాసుంది గదా?" నాన్న గొంతులో చాయ్ అడ్డం పడింది. "అది కంప్యూటర్ ముచ్చటే, ఇత్తనాల ముచ్చట గాదు" అన్నారు. మామ గ్లాసు కింద పెట్టి, మెల్లగా అన్నాడు. "అది నాకూ ఎరుకే సేటు. కానీ ఇంట్ల పెట్టుకునే డబ్బనే దొంగది పెట్టుకున్నోడు, మాకు ఇత్తనం అసలుది ఇస్తడా, నువ్వే జెప్పు."

ఆ మాట మామ కంటే ముందే పిట్లం చేరింది. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, మా దుకాణం ముందు నుంచే వెళ్ళి, ఎదురు దుకాణం దగ్గర ఆగాయి. అక్కడ తెర మీద ఏ హెచ్చరికా లేదు. దొంగ సాఫ్ట్‌వేర్ హాయిగా, పతివ్రతలా మెరిసిపోతోంది! నాన్న కౌంటర్లో కూర్చుని, అమ్ముడుపోని సంచులను గుడ్డతో తుడుస్తూ ఉండేవారు. అన్నం దగ్గర పప్పు వడ్డిస్తే కలపకుండా చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు తల ఎత్తకుండానే అన్నారు. "ఇన్నేళ్ళూ ఎవరిచేతా ఒక మాట పడలేదమ్మా. దాన్ని తీసి అటక మీద పడేయ్." నాకు ఏడుపొచ్చింది. కంప్యూటర్ కోసం కాదు. ఆయనచేత ఆ మాట అనిపించిన డబ్బాను, నీతిగా కొందాం నాన్నా అని పట్టుబట్టి తెచ్చింది నేనే కాబట్టి.

ఒక్క వారం ఆగమని బతిమాలాను. ఆ శుక్రవారం కూడా తెర నల్లబడింది. నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఇంతలో దుకాణంలో పిట్లం మామ గొంతు. మందు కొట్టే పంపు వాషర్ ఎదురు దుకాణంలో దొరకలేదట. ఇంకోసారి ఆయన కంటపడితే కొంప మునిగిందేనని, ఒక్క ఉదుటున చున్నీ తీసి తెర మీద కప్పబోయాను. ఆ కంగారులో మూలనున్న బొట్టు కాస్తా చెరిగిపోయింది. అయ్యో, నాయనమ్మ చూస్తే చంపుతుంది అనుకుంటూ తుడిచి చూద్దును కదా, దాని కింద, తెర మూలన ఎప్పుడూ ఉండే తేదీ ఉంది. ఆ తేదీ ప్రకారం నేనింకా రెండు జడలతో తొమ్మిదో తరగతికి వెళ్తున్నాను.

వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. తర్వాత "నాయనమ్మా! పూజ చేసేముందు దీని స్విచ్ ఆపుతున్నావా?" అని అరిచాను. ఆవిడ వంటింట్లోంచి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టింది. "ఆపక? తడి చేతుల్తో కరెంటు వస్తువు ముట్టుకుని మీ తాతయ్య దగ్గరకు పొమ్మంటావేంటే? పొలంలో మోటారుకైనా సరే, ముందు కరెంటు తీసే బొట్టు పెట్టమని ఆయనే నేర్పారు." అదీ సంగతి. కంప్యూటర్ లోపల గుండీ అంత సెల్లు ఒకటుంటుంది. గోడ దగ్గర స్విచ్ ఆపినప్పుడు తేదీని గుర్తుపెట్టుకోవడం దాని పని. మాది చచ్చి ఎన్నాళ్ళయిందో. స్విచ్ ఆపగానే కంప్యూటర్ ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయి, తన లైసెన్సు ఇంకా పుట్టనే లేదనుకుని, దొంగ దొంగ అని కేకలు పెడుతోంది. కాసేపటికి నెట్ అంది తేదీ సరిచేసుకుంటోంది. ఎండాకాలంలో కరెంటు కోత చేసిన పనే, తర్వాత నాయనమ్మ భక్తి చేసింది. రోగం ముదిరిన కొద్దీ మందు పెంచింది, మందు పెంచిన కొద్దీ రోగం ముదిరింది. ఆ సాక్ష్యాన్ని వారం వారం తన చేత్తోనే కుంకుమతో కప్పెట్టింది. నేను దాని ముందే కూర్చుని కస్టమర్ కేర్ వాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడాను.

పరుగున వెళ్ళి పిట్లం మామను లోపలికి లాక్కొచ్చి, స్విచ్ ఆపి, వేసి, తేదీ మార్చి, తెర నల్లబడటం, తెల్లబడటం అన్నీ చూపించాను. ఆయన ఓపిగ్గా చూశాడు. "అంటే గీ డబ్బకు ఏ ఏడు నడుస్తుందో యాది ఉండదన్నట్టు. మా పెద్దవ్వ గూడ గంతే" అని, ఇంకాసేపు ఆలోచించి, "ఏమో బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. సెల్లు అయిపోతే గోడ మీది గడియారం ఆగుతది గానీ, మంది మీద నకిలీ అని ఒర్రుతదా?" అని వాషర్ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. నాన్న నా తల మీద చెయ్యి వేశారు గానీ, ఆయన చూపు వీధిలోని ట్రాక్టర్ల మీదే ఉంది.

సెల్లు మార్చాను. మరుసటి శుక్రవారం నాయనమ్మ ఎప్పటిలా పూజ చేసింది, తెర నల్లబడలేదు. ఇంకేముంది, గుమ్మడికాయ పని చేసిందని వీధంతా చెప్పొచ్చింది. సెల్లు సంగతి ఎవరు వింటారు? ఆ సాయంత్రమే ఎదురు దుకాణమాయన వచ్చాడు. ఆయన వెనకే తమాషా చూద్దామని పిట్లం మామ, ఇంకో ఇద్దరు రైతులు. "అవ్వా, మా డబ్బ ఊకె ఆగిపోతుంది. నువ్వొచ్చి జర బొట్టు పెట్టరాదూ" అన్నాడు. నాయనమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. చేట పక్కన పెట్టి ఆయన్ను కిందినుంచి పైకి చూసింది.

"నీది కొన్నదా అబ్బాయ్?"

"కొనుడేంది అవ్వా, ఉత్తగనే వస్తది గదా" అన్నాడాయన, గర్వంగానే.

"అయితే రాను. అసలుదానికైతే నలుగురి కళ్ళూ పడి దిష్టి తగులుతుంది. దొంగదానికి దిష్టేంటయ్యా, నవ్విపోతారు!"

పిట్లం మామ పెద్దగా నవ్వాడు. నవ్వి, ఆ నవ్వు ఆపి, ఎదురు దుకాణమాయన వైపు ఒకసారి, మా నాన్న వైపు ఒకసారి చూశాడు. "అవ్వ మాట నిజమే. మంచి పంటకే గదా దిష్టిబొమ్మ పెట్టేది, గడ్డికి ఎవడు పెడ్తడు?" అన్నాడు. నా సెల్లు, నా తేదీ, నా డిగ్రీ చేయలేని పని ఆ చేట పక్కన జరిగిపోయింది. తెల్లారి ట్రాక్టరు మా దుకాణం ముందు ఆగింది. మామ దిగుతూనే, "మొన్నటిదంతా మర్చిపో సేటు, ఫికర్ జేయకు, సంచులు తియ్యి" అన్నాడు. నాన్న ఏదో అనబోయి, ఏ భాషలో అనాలో తెలియక గడప మీదే నిలబడిపోయారు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. సెల్లు గురించి మళ్ళీ ఎత్తబోతే, "ఊరుకోవే తల్లీ, ఆ నిజం మన దగ్గరే ఉండనీ" అన్నారు.

ఇప్పుడు ఆ కౌంటర్లో నేను కూర్చుంటున్నాను. నాన్న పక్క కుర్చీలో కూర్చుని నా లెక్కల్లో తప్పులు పడతారు. నాయనమ్మ లేదు. కంప్యూటర్ మారింది, దాని సెల్లు నిక్షేపంలా ఉంది, లైసెన్సు గొడవా లేదు. అయినా శుక్రవారం తలంటు పోసుకుని వచ్చి, స్విచ్ ఆపి, తెర మూలన బొట్టు పెడతాను. ఫోను ఆపి ఆన్ చేసి ఇచ్చి గొప్పలు పోయిన ఆ డిగ్రీ పిల్ల చూస్తే ఎంత నవ్వేదో! నవ్వుకోనీ. బొట్టు ఎండి రాలేదాకా తేదీ కనపడదు. అంతసేపూ అది ఏ సంవత్సరమైనా అయి ఉండొచ్చు, వంటింట్లోంచి "తుడిచావంటే చేతులు విరగ్గొడతా" అనే కేక కూడా వినపడొచ్చు. అందుకే తుడవను.